పత్మాసు బదులు అరిజోనా: మట్టి మేడ, ఎడారి మఠం, అత్తయ్య కొవ్వొత్తి

ఈ ప్రయాణం గ్రీసుకి జరగాల్సింది. గుంటూరులో చిన్నప్పటి నుంచీ ఆదివారం ప్రసంగాల్లో పేరు వింటూ వచ్చిన పత్మాసు ద్వీపాన్ని ఒక్కసారి కళ్ళతో చూడాలని మా అత్తయ్య కోరిక. కొండ మీద మఠం, కింద సముద్రం, చుట్టుపక్కల దీవుల్లో పాత శిథిలాలు. ఆవిడ ఆరు నెలలకి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ కోరిక తీర్చేద్దామని నేనే ఉత్సాహపడ్డాను. చరిత్రలో ఎం.ఏ. చేసి, ఇక్కడికొచ్చాక వేరే చదువు చదివి, వేరే ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని. శిథిలాలంటే నాకూ ఆశే. పడవల వేళలు, హోటళ్ళు అన్నీ చూసిపెట్టుకున్నాక మా లాయరు గుర్తుచేశాడు: పాస్‌పోర్టులో నా వీసా స్టాంపు గడువు అయిపోయింది, దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి రాలేను, ఆ అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో పన్నులు కడుతూ, ఇల్లు కొనుక్కుని కూడా, సెలవుకి గ్రీసు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. టికెట్లు రద్దు చేశాం.

అరిజోనాలో చాండ్లర్‌లో ఉండే నా స్నేహితురాలు మాధవి ఫోన్‌లో ఈ గోల అంతా విని నవ్వింది. “గ్రీసుకు పోకపోతేంది, గ్రీసే మా దగ్గరికొచ్చింది. ఎడారిల గ్రీకు సన్యాసులు కట్టుకున్న మఠం ఉంది. దార్ల పాత శిథిలాలు గూడ ఉన్నయి. అమ్మను తోల్కొని రా” అంది. మాధవిది వరంగల్. యూనివర్సిటీ హాస్టల్లో నా గదిలోనే ఉండేది.

తేదీ మాత్రం అత్తయ్య ఎంచుకుంది. నవంబరు రెండు. కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అది సమాధుల పండుగ. సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, సాయంత్రం చుట్టూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు జబ్బుచేసి వెళ్ళిపోయింది. పోయిన ఏడాది అత్తయ్య కూతురి దగ్గర కూర్చుని కొవ్వొత్తి పెట్టింది. ఈ ఏడాది టెక్సాస్‌లో ఉంది. “ఎక్కడో ఒకచోట పరిశుద్ధ స్థలంలో ఒక్క కొవ్వొత్తి పెట్టుకోనియ్యమ్మా, అంతకంటే ఏం వద్దు” అంది. ఇర్వింగ్‌లో మేము వెళ్ళే తెలుగు సంఘం చర్చిలో కొవ్వొత్తులు పెట్టే అలవాటు లేదు. గ్రీకు చర్చిలో ఉంటుందని నాకు తెలుసు. అందుకే అరిజోనా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అత్తయ్య మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకి పైగా నర్సుగా చేసింది. వార్డు బయట నిలబడ్డవాళ్ళకి చెప్పరాని మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. కానీ తన కూతురి విషయంలో ఆ మాట ఈ రెండేళ్ళలో ఆవిడ నోట మేము వినలేదు, మా నోటా రానివ్వలేదు. “ప్రభువునందు నిద్రించింది” అంటుంది. మరీ దగ్గరివాళ్ళతో “పడుకుంది” అంటుంది, అంతే.

డాలస్ నుంచి ఫీనిక్స్‌కి రెండున్నర గంటల విమానం. ముందుగా కొంటే రానూపోనూ మనిషికి రెండు వందల డాలర్ల లోపే దొరుకుతుంది. ముందు రోజు సాయంత్రం దిగి మాధవి ఇంట్లో పడుకున్నాం. మా ఆయన పిల్లవాడి పరీక్షలని ఇర్వింగ్‌లోనే ఉండిపోయారు. పొద్దున్న ఎనిమిదిన్నరకి మాధవి కారులో బయల్దేరాం. చాండ్లర్ నుంచి ఎనభై ఏడో నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే కూలిడ్జ్ అనే చిన్న ఊరు వస్తుంది, ముప్పావుగంట. ఇళ్ళు అయిపోగానే రెండు వైపులా పత్తి చేలు. పత్తి తీత నడుస్తోంది. లారీ అంత పెద్ద పత్తి చుట్టలు ప్లాస్టిక్ కట్టి చేలల్లో వరసగా పెట్టి ఉన్నాయి. అత్తయ్య కిటికీకి అతుక్కుపోయింది.

“మన పత్తేనే! ఎడారి అన్నావు గదమ్మా మాధవీ?”

“ఎడారే అమ్మా. కాలువ నీళ్ళతోని పండిస్తున్నరు.”

“కూలోళ్ళు ఒక్కళ్ళూ కనపడరేంది?”

“అన్నీ మిషన్లే అమ్మా.”

“మిషన్లు పాటలు పాడవు గదా” అని అత్తయ్య తనలో తను నవ్వుకుంది. ఆ పొద్దున ఆవిడ చాలా హుషారుగా ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, తెల్ల రవిక, చేతిసంచిలో బైబిల్. ఆవిడని చూసి, మఠానికి ఇంతకంటే మర్యాదైన దుస్తులు ఎవరు వేసుకొస్తారులే అనుకున్నాను. మఠం వెబ్‌సైటులో దుస్తుల నియమాలున్న పేజీని పైపైన చూసి మూసేశాను. నాకు మాత్రం పొడవు చేతుల చొక్కా, పొడవు స్కర్టు, స్కార్ఫు సర్దుకున్నాను.

కూలిడ్జ్‌లో చూడాల్సింది కాసా గ్రాండే శిథిలాలు. స్పానిష్‌లో ‘పెద్ద ఇల్లు’ అని అర్థం. సుమారు ఏడు వందల ఏళ్ళ కిందట, ఈ ఎడారిలో మైళ్ళకొద్దీ కాలువలు తవ్వి వ్యవసాయం చేసినవాళ్ళు కట్టిన నాలుగంతస్తుల మట్టి మేడ. ఎందుకు కట్టారో, ఎందుకు వదిలి వెళ్ళారో కచ్చితంగా ఎవరికీ తెలియదు. వాళ్ళ వారసులు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. మేము వెళ్ళినప్పుడు ప్రవేశానికి డబ్బులు తీసుకోలేదు. తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం నాలుగు దాకా ఉంటుంది. మేడ లోపలికి వెళ్ళనివ్వరు, చుట్టూ తిరిగి చూడాలి. వానకి కరిగిపోకుండా దాని మీద పెద్ద ఇనుప కప్పు కట్టారు.

“పడిపోయిన ఇంటికి ఎంత గొడుగు పట్టారే!” అంది అత్తయ్య మెడ వెనక్కి వాల్చి.

అక్కడి పార్కు ఉద్యోగిని, ఒక రేంజరమ్మ, పది పన్నెండు మందిని వెంటేసుకుని తిప్పి చూపిస్తోంది. పడమటి గోడలో పైన ఉన్న గుండ్రటి కన్నంలోంచి, ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున అస్తమించే సూర్యుడు సరిగ్గా కనిపిస్తాడట. నేను ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాను. అత్తయ్య నా మోచెయ్యి తట్టింది.

“ఇక్కడ ఉన్నోళ్ళని ఎక్కడ పాతిపెట్టారో అడుగు.”

అడగలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అంతమంది తెల్లవాళ్ళ మధ్య అది పల్లెటూరి ప్రశ్నలా అనిపించిందా? నేను అడిగే వాటి స్థాయి తగ్గిపోతుందనుకున్నానా? “తర్వాత అడుగుతాలే అత్తయ్యా” అని, కాలువల వాలు ఎలా కొలిచేవారని రేంజరమ్మని అడిగాను. ఆవిడ మెచ్చుకుని చాలాసేపు చెప్పింది. ఆ నడక అయిపోయాక మ్యూజియంలో గాజు పెట్టెలు, కుండలు, పూసలు, ఒక సినిమా. అత్తయ్య పందిరి కింద బల్ల దగ్గర కూర్చుని బైబిల్ చదువుకుంటోంది. మాధవి రెండుసార్లు వచ్చి పిలిచింది. “ఏందే, నీ పీహెచ్‌డీ అయిందా? మఠం రెండున్నరకే మూస్తరట” అని మూడోసారి గట్టిగా అంటే గానీ నేను కదల్లేదు. మాధవి తెచ్చిన పులిహోర ఆ బల్ల మీదే గబగబా తిని బయటపడేసరికి పన్నెండున్నర దాటింది. సమాధుల ప్రశ్న ఎటో పోయింది.

కూలిడ్జ్ నుంచి తూర్పుగా ఫ్లోరెన్స్ ఊరు మీదుగా వెళ్ళి, డెబ్భై తొమ్మిదో నంబరు రోడ్డు మీద దక్షిణానికి తిరగాలి. నలభై నిమిషాలు పట్టింది. చేతులెత్తి నిలబడ్డ సవారో జెముళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఫ్లోరెన్స్ దాటితే పెట్రోలు దొరకడం కష్టం, అక్కడే పోయించుకోండి. చివర్లో ఎడమ వైపు గుట్ట మీద తెల్లటి గోడలు, నీలం గుమ్మటంతో ఒక బుల్లి ప్రార్థనామందిరం కనపడింది. నేను అంతర్జాలంలో చూసిన గ్రీకు దీవుల ఫొటోల్లోంచి కోసుకొచ్చి అతికించినట్టుంది, సముద్రం ఒక్కటే లేదు. “అదిగో అత్తయ్యా, పత్మాసు!” అన్నాను. ఆవిడ చేతులు జోడించింది.

గేటు లోపల చిన్న వరండా. అక్కడ ఒక పెద్దాయన కూర్చుని వచ్చినవాళ్ళని పలకరిస్తున్నాడు. సన్యాసి కాదు, సేవ చేయడానికి వచ్చిన గ్రీకు అమెరికన్. మా ముందు రెండు కుటుంబాలు, వెనక ఇంకో నలుగురు. మా ముగ్గురినీ చూసి నవ్వి, మాధవికి ఒక పొడవు స్కర్టు, స్కార్ఫు తీసిచ్చాడు. నన్ను చూసి తలూపాడు. తర్వాత అత్తయ్య వైపు చూసి మెల్లగా అన్నాడు, “అమ్మగారికి కూడా ఒక చొక్కా ఇస్తాను. చేతులు, నడుము కప్పాలి. చెప్పుల్లోకి సాక్సు కూడా ఉన్నాయి.”

ఇంగ్లీషులో ఆయన చెప్పింది ఇంతే. స్వరంలో ఏ దురుసూ లేదు. చీర కట్టినవాళ్ళకి నడుము దగ్గర రెండు వేళ్ళ వెడల్పు కనపడుతుందన్నది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. చీరని మించిన మర్యాద లోకంలో లేదనుకుంటూనే మనం పెరుగుతాం కదా.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇది మా దేశంలో చర్చికి కట్టుకునే చీర” అన్నాను. ఆయన “అవునమ్మా, అందంగా ఉంది, ఇది ఇక్కడి నియమం అంతే” అన్నాడు. నేను ఆగలేదు. డెబ్భై ఏళ్ళ మనిషినా మర్యాద లేదనేది అన్నాను. మీ నియమాలు రాసినవాళ్ళకి ప్రపంచంలో ఎన్ని రకాల బట్టలున్నాయో తెలుసా అన్నాను. గొంతు పెరుగుతోందని నాకే వినపడుతోంది. వెనక వరసలో వాళ్ళు చూస్తున్నారు.

“వదిలెయ్యే సునీతా, చొక్కా ఏసుకుంటే అయిపాయె గదా” అని మాధవి నా చెయ్యి లాగుతోంది.

“ఏం కాదమ్మా, ఏసుకుంటా” అని అత్తయ్య చొక్కా కోసం చెయ్యి చాపింది కూడా.

ఆ చాపిన చెయ్యి నేను చూశాను. చూసి కూడా, వాదన గెలవాలని, “ఆవిడ కూతురు చనిపోయింది, తెలుసా? షి ఈజ్ డెడ్. ఇవాళ ఆ పిల్ల కోసం కొవ్వొత్తి పెట్టడానికి ఇంత దూరం వచ్చింది. మీకు చేతులు కనపడుతున్నాయా?” అన్నాను. ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

ఆ పెద్దాయన లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకుని అత్తయ్యతో “ఐ యామ్ సో సారీ” అన్నాడు. మా ముందున్న కుటుంబం వెనక్కి తిరిగి వాళ్ళూ అన్నారు. వెనకనుంచి ఒకావిడ వచ్చి, కళ్ళనీళ్ళతో అత్తయ్యని గట్టిగా కౌగిలించుకుంది. మంచి మనిషే. కానీ మా అత్తయ్యని అలా పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, కొడుకు కూడా ఎయిర్‌పోర్టులో భుజం మీద చెయ్యి వేస్తాడు, అంతే. అత్తయ్య ఆ కౌగిలిలో చేతులు రెండూ కిందికి వేలాడేసి నిలబడింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. కోపం ఉంటే బాగుండేది. వార్డు బయట నిలబడి ఎవరో వచ్చి చెప్పే మాట విన్నవాళ్ళు ఎలా చూస్తారో, అలా చూసింది.

ఆ మనిషి వదిలాక అత్తయ్య కొంగు సర్దుకుని, నాకు మాత్రమే వినపడేలా అంది. “ఆ పిల్లని అడ్డం పెట్టుకుని గొడవ పడమాకమ్మా.”

తర్వాత చొక్కా తీసుకుని చీర మీదే తొడుక్కుంది. మగవాళ్ళ నీలం గళ్ళ చొక్కా, మోకాళ్ళ దాకా వచ్చింది. సాక్సు వేసుకోవడానికి వంగలేకపోతుంటే మాధవి కింద కూర్చుని తొడిగింది. “మీ మావయ్య బతికుంటే ఈ వేషం చూసి మూడ్రోజులు నవ్వేవాడు” అంది అత్తయ్య మాధవితో. కొంగు తల మీదికి లాక్కుంది. పెద్దాయన మళ్ళీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

లోపల మఠం చాలా బాగుంటుంది. ఇది నిజంగా చెబుతున్నాను, నా గొడవ పక్కన పెట్టి వెళ్ళి చూడండి. ఎండిపోయిన నేలలో ఇటుక దారులు, ఫౌంటెన్లు, ఖర్జూరాలు, నారింజ తోటలు, వెనక ఆలివ్ చెట్లు. ఒక్కో మందిరం ఒక్కో తీరులో కట్టారు. నల్లటి అంగీ వేసుకున్న ఒక యువ సన్యాసి చల్లటి నీళ్ళు, పంచదార పొడి అద్దిన మెత్తటి మిఠాయి ముక్కలు పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. “మన జున్ను కంటే గట్టి, హల్వా కంటే మెత్తన” అని అత్తయ్య తీర్పు చెప్పింది, మాధవికే. దుకాణంలో సన్యాసులు కాల్చిన రొట్టె, ఆలివ్ నూనె అమ్ముతారు. రొట్టె మధ్యాహ్నానికే అయిపోయింది.

పెద్ద దేవాలయం ముందుకి వచ్చేసరికి రెండు కావస్తోంది. గుమ్మం దాటగానే ముందు గదిలో ఇసుక నింపిన పళ్ళేల్లో సన్నటి తేనెమైనం కొవ్వొత్తులు గుచ్చి వెలుగుతున్నాయి. కానుక మన ఇష్టం, పెట్టెలో వేయవచ్చు. నేను స్కార్ఫు సర్దుకుని ముందుకి అడుగేస్తుంటే అత్తయ్య ఆగింది.

“నువ్వు ఇక్కడుండమ్మా. నేనూ ఈ పిల్లా పోయొస్తాం.”

విసుగు లేదు ఆ మాటలో. పొయ్యి మీద పాలు చూస్తుండు అన్నట్టుగా అంది. మాధవి నా వంక ఒకసారి చూసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది.

ఫౌంటెన్ దగ్గర రాతి బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నేను అసలు పోట్లాడింది ఆ పెద్దాయనతోనేనా అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ప్రతి కౌంటరు దగ్గర కాగితాలు చూపించి, నవ్వి, సర్దుకుని, గ్రీసు వదులుకుని, ఆఖరికి ఒక తోట గేటు దగ్గర నా కోపమంతా కక్కేశానేమో. ఆ ఆలోచన కొంచెం ఓదార్పుగా అనిపించింది. వెంటనే అందుకే సిగ్గేసింది కూడా. ఇది కూడా నన్ను నేను వెనకేసుకురావడమే. వీసా బాధ నాది. ఆ పిల్ల నాది కాదు. నా పోట్లాటలోకి నేను తీసుకొచ్చింది నాది కాని బాధని. ఆ పొద్దున సమాధుల గురించి అత్తయ్య అడిగిన మాటని నోరు తెరిచి ఇంగ్లీషులో చెప్పలేకపోయినదాన్ని, ఈ మాటని మాత్రం ఎంత సులువుగా చెప్పాను!

వాళ్ళు బయటికి వచ్చేసరికి అత్తయ్య ముక్కు ఎర్రగా ఉంది. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. గేటు దగ్గర అరువు బట్టలు మడతపెట్టి ఇచ్చేసి, పెద్దాయనకి నేను సారీ చెప్పాను. “ఎండ ఎక్కువగా ఉంది ఇవాళ” అని ఆయన నవ్వేశాడు. అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చుని, మాధవి పెట్రోలు కోసం ఫ్లోరెన్స్‌లో ఆపి దిగినప్పుడు ధైర్యం చేశాను.

“అత్తయ్యా, అక్కడ నేను...”

“ఆ సాక్సులు తిరిగిచ్చేశావా?”

“ఇచ్చానత్తయ్యా.”

“ఉతికి ఇయ్యాల్సింది” అని అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి చాండ్లర్‌లో గిన్నెలు కడుగుతూ, లోపల ఏం జరిగిందని మాధవిని అడిగాను. “ఏం జరుగుతది, దీపం పెట్టింది” అంది. మాధవి పంపు కట్టేసి చేతులు తుడుచుకుంది.

ఇర్వింగ్ తిరిగొచ్చాక సంఘంలో అందరూ అడిగారు. “తోట బాగుంది, దేవాలయం బాగుంది, పత్తి కూడా పండిస్తున్నారు” అని అత్తయ్య వాళ్ళకి చెప్పింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో అలాంటివి అడగరు, చెప్పరు. కాఫీ ఎప్పటిలాగే ఇస్తుంది, చక్కెర ఎప్పటిలాగే ఎక్కువేస్తుంది. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తన్నుకులాడాను. గేటు దగ్గర చేసిన పనే మళ్ళీ ఇంకా పెద్ద వరండాలో చేస్తున్నానేమో అని. చివరికి అత్తయ్యనే అడిగాను. కూర తరుగుతోంది, తల ఎత్తలేదు. “రాసుకో. చీర కట్టుకుని పోయే ఆడాళ్ళకి తెలుస్తది. ఆ పిల్ల పేరు మాత్రం రాయమాక” అంది. రాయలేదు.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని సూచనలు. ముందు మఠానికి వెళ్ళండి, అది త్వరగా మూస్తారు, శిథిలాలు ఆ తర్వాత చూసుకోవచ్చు. వేళలు బయల్దేరే ముందు మళ్ళీ సరిచూసుకోండి. చీర కట్టుకునేవాళ్ళు కూడా పొడవు చేతుల వదులు చొక్కా, సాక్సు ఇంటి నుంచే సంచిలో పెట్టుకోండి. లేకపోయినా ఫరవాలేదు, అక్కడ ఇస్తారు, ఇచ్చింది వేసుకుని లోపలికి వెళ్ళండి. మీ వెంట వచ్చిన మనిషి ఎందుకు వచ్చిందో ఆ గేటు దగ్గర ఎవరూ అడగరు. మీరు చెప్పకండి.